బస్తీ వీధిలో సువార్త పరిచర్య ఎలా మొదలుపెట్టాలి

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ చుట్టూ ఉన్న ఫుట్‌పాత్‌ల మీద, గాంధీ ఆసుపత్రి బయట, అడ్డగుట్ట వంటి బస్తీల ఇరుకు గల్లీల్లో వీధి పరిచర్య చేయాలనుకునే చిన్న క్రైస్తవ బృందాల కోసం ఈ సూచనలు రాస్తున్నాను. మీరు ఒకే సంఘానికి చెందిన ఐదారుగురు స్నేహితులు కావచ్చు, లేదా ఉద్యోగం కోసం నగరానికి వచ్చి, ఆదివారం ఆరాధన ముగిశాక పలకరించే మనిషి లేక ఒంటరిగా గదికి చేరుకునేవారు కావచ్చు. ఈ పని రెండో రకం వారికి కూడా ఎంతో అవసరమైనదని నా అనుభవం, ఎందుకంటే ఈ నగరంలో నాకు నిజమైన సహవాసం దొరికింది వీధిలోనే.

డిసెంబరు రాగానే వ్యానులో బిర్యానీ పొట్లాలు, దుప్పట్లు, కరపత్రాలు తీసుకెళ్లి గంటలో పంచి, ఫొటోలు తీసుకుని తిరిగి రావడం మన సంఘాల్లో చాలాచోట్ల అలవాటు. మా బృందం కూడా మొదటి రెండేళ్లు అదే చేసింది. ఆ రెండేళ్లలో మేము దుప్పటి ఇచ్చిన వారిలో ఒక్కరి పేరు కూడా మాకు తెలియలేదు. మూడో ఏడు మేము పద్ధతి మార్చుకున్నాము: ఒకే వీధి, వారంలో ఒకే రోజు, ఒకే సమయం, కనీసం ఒక సంవత్సరం. ఈ వ్యాసంలోని మిగిలిన సూచనలన్నీ ఈ ఒక్క నిర్ణయం మీద ఆధారపడి ఉంటాయి కనుక, దీనికి సిద్ధంగా లేకపోతే మొదలుపెట్టకండి. నాలుగు వారాలు వచ్చి మానేసే వారిని బస్తీ ఇప్పటికే చాలామందిని చూసింది.

మొదటి నెల: చేతులు ఖాళీగా నడవండి

మొదటి నెలంతా ఏమీ పంచకుండా, ఎవరికీ ఏమీ బోధించకుండా, ఎంచుకున్న వీధిలో నడవండి. ఉదయం ఏడు గంటలకు కూలీల అడ్డా మీద నిలబడేవారు ఒకరు, మధ్యాహ్నం చెట్టు కింద పడుకునేవారు ఒకరు, రాత్రి పదింటికి అట్టముక్క పరుచుకునేవారు ఒకరు. ఒకే ఫుట్‌పాత్ మీద మూడు వేర్వేరు సమాజాలు ఉంటాయి. ఆసుపత్రి బయట పడుకునేవారిలో చాలామంది ఇల్లు లేనివారు కారు. జిల్లాల నుంచి రోగిని తీసుకొచ్చి, లోపల ఒక్కరికే చోటు ఉండడం వల్ల బయట రాత్రులు గడిపే బంధువులు వారు. వారికి కావలసింది దుప్పటి కంటే ముందుగా, ఏ కౌంటర్లో ఏ కాగితం ఇవ్వాలో చెప్పే మనిషి.

ఒక నోటు పుస్తకంలో ఆ ప్రాంతపు పటం గీసుకోండి. బస్తీ దవాఖానా ఎక్కడుంది, అంగన్‌వాడీ ఎక్కడుంది, రేషన్ దుకాణం ఏ రోజుల్లో తెరుస్తారు, ఐదు రూపాయల భోజన కేంద్రం ఎంత దూరం, రాత్రి బస చేసే షెల్టర్ ఏది, కల్లు కాంపౌండు ఎటువైపు, ఏ కుళాయికి ఎప్పుడు నీళ్లు వస్తాయి అనేవన్నీ అందులో ఉండాలి. గుడి, దర్గా, మసీదు కూడా గుర్తించండి. ముఖ్యంగా, అక్కడ ఇదివరకే ఉన్న ప్రార్థన మందిరాలను వెతకండి. మన బస్తీల్లో రేకుల కప్పు కింద ఒకే గదిలో సంఘాన్ని నడిపే పాస్టర్లు, పాస్టరమ్మలు ఏళ్ల తరబడి ఉంటున్నారు. వారి దగ్గరకు వెళ్లి, "అయ్యగారూ, మేము ఈ వీధిలోకి వద్దామనుకుంటున్నాము, మీ సలహా కావాలి" అని అడగండి. వారిని దాటి వెళ్లి, వారి విశ్వాసులనే చేర్చుకుని కొత్త పని మొదలైందని చెప్పుకోవడం పరిచర్య అనిపించుకోదు. బస్తీ పెద్దలకు, వార్డు నాయకులకు, స్థానిక పోలీస్ స్టేషన్‌కు మీరెవరో, ఏ రోజు వస్తారో ముందే చెప్పి ఉంచడం కూడా ఈ నెలలోనే పూర్తి చేయాలి.

ఇవ్వడానికి ముందు అడగండి

సమరయ స్త్రీతో యేసు ప్రభువు మాట మొదలుపెట్టింది, తాగడానికి నీళ్లు ఇమ్మని అడిగి. తాను జీవజలం ఇవ్వగలవాడై ఉండి కూడా ముందుగా ఆమె చేతి నీళ్లను కోరాడు. శిష్యులను పంపినప్పుడు సంచి తీసుకుపోవద్దనీ, చేర్చుకున్న ఇంట్లోనే ఉండి వారు పెట్టింది తినమనీ చెప్పాడు. వీధి పరిచర్యకు ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

కాబట్టి రెండో నెలలో మీరు అతిథిగా వెళ్లండి. మూలన ఉన్న చాయ్ బండి దగ్గర కూర్చోండి, డబ్బిచ్చి తాగండి. చెప్పులు కుట్టే తాతతో చెప్పు కుట్టించుకోండి, పూలమ్మే అక్క దగ్గర పూలు కొనండి. ఎవరైనా "అన్నా, మా ఇంట్లో ఒక ముద్ద తిని పో" అంటే వద్దనకండి. వారి గ్లాసులో నీళ్లు తాగడానికి మీరు తటపటాయిస్తే ఆ ఒక్క క్షణంలో మీ సువార్త అంతా వారికి అర్థమైపోతుంది. ఎవరు ఎవరి చేతి నీళ్లు తాగరు అన్నది మన సమాజంలో ఎంత పాత గాయమో మీకు తెలియనిది కాదు.

బృందం, కట్టుబాట్లు

నలుగురి నుంచి ఆరుగురి వరకు చాలు. ఇద్దరిద్దరుగా వెళ్లండి, స్త్రీలతో మాట్లాడడానికి స్త్రీలే వెళ్లండి. హిందీ బాగా వచ్చినవారు ఒక్కరైనా ఉండాలి, ఎందుకంటే స్టేషన్ దగ్గర మీకు కనిపించేవారిలో ఒడిశా, బిహార్ వంటి రాష్ట్రాల నుంచి పనికోసం వచ్చినవారు చాలామంది ఉంటారు.

అప్పు ఇవ్వకూడదు, నగదు ఇవ్వకూడదు, ఎవరి ఆధార్ కార్డు గాని పెన్షన్ పుస్తకం గాని మన దగ్గర ఉంచుకోకూడదు. పిల్లలతో ఏ పెద్దవారూ ఒంటరిగా ఉండకూడదు. ఫొటోలు తీయకూడదు. ఈ చివరి కట్టుబాటుకు సంఘంలోనే అభ్యంతరం వస్తుంది, కానుక ఇచ్చినవారికి ఏం చూపించాలి అని అడుగుతారు. ఖర్చుల లెక్క చూపించండి, రసీదులు చూపించండి. ఆకలితో చేయి చాచిన మనిషి ముఖాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టే హక్కు మనకు లేదు. విదేశాల్లో ఉన్న మన తెలుగు విశ్వాసులు ప్రేమతో డబ్బు పంపుతామంటే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద ఏది విదేశీ విరాళం అవుతుందో లెక్కలు తెలిసిన వారిని ముందుగా అడగండి. ఆ చట్టం వర్తించే డబ్బును నమోదు లేకుండా తీసుకోవడం నేరం.

ఏం తీసుకెళ్లాలి

ఎండాకాలంలో నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ పొట్లాలు; వానాకాలంలో ప్లాస్టిక్ పట్టాలు; చలికాలంలో దుప్పట్లు. ఏడాది పొడవునా సబ్బు, చెప్పులు, శానిటరీ ప్యాడ్లు, గాయానికి కట్టు కట్టే సామాను. అన్నం గురించి మాత్రం తొందరపడకండి. పండుగ రోజుల్లో ఒకే చోటికి ముగ్గురు నలుగురు దాతలు పొట్లాలు తెస్తారు, సగం పారేయవలసి వస్తుంది. మామూలు మంగళవారం నాడు ఎవరూ రారు. మీ రోజుగా ఆ మంగళవారాన్నే ఎంచుకోండి. వండి తీసుకెళ్తే వరుసలో నిలబెట్టి పంచకుండా, చాప పరిచి, అందరితో కలిసి కూర్చుని మీరు కూడా తినండి. ఇరవై మందికి సరిపోయేంతే వండితే ఆ ఇరవై మందితో మాట్లాడగలుగుతారు.

సువార్త చెప్పేటప్పుడు

ఇక్కడ మన చరిత్రలోని ఒక సంగతి ప్రతి బృందమూ తెలుసుకోవాలి. 1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని పీడించిన మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం పనిని కాంట్రాక్టుగా తీసుకుని ఆకలితో ఉన్న వేలాది మందికి కూలి దొరికేలా చేశాడు. అంతమంది బాప్తిస్మం అడుగుతున్నా, సహాయం నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం ఎవరూ విశ్వాసం ఒప్పుకోకూడదని. కరువు సహాయం ముగిసిన తర్వాత కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన వేదికల మీద ఎంతో గొప్పగా చెప్పుకుంటాము. దాని వెనుక ఉన్న నిగ్రహాన్ని, ఆ నెలల తరబడి నిరీక్షణను చెప్పుకోవడం మాత్రం తక్కువ. నా దృష్టిలో ఆ సంఖ్య కంటే ఆ నిగ్రహమే మనకు విలువైన వారసత్వం.

మీ వీధిలో దీనిని ఇలా పాటించండి. అన్నం పెట్టే ముందు ప్రసంగం పెట్టకండి. తినాలంటే వినక తప్పదన్న పరిస్థితి రాకూడదు. ప్రార్థన చేయమంటారా అని అడగండి, వద్దంటే అంతే ప్రేమగా మరో కబురు మాట్లాడండి, వచ్చే వారం కూడా అలాగే పలకరించండి. చేయమంటే, వారి సమస్యను వారి మాటల్లోనే దేవునికి చెప్పి, రెండు నిమిషాల్లో ముగించండి. వీధిలో గట్టిగా కేకలు వేసి ప్రార్థించడం వల్ల ఆ మనిషి బాధ చుట్టుపక్కల వారందరికీ వినోదమవుతుంది. కరపత్రం ఇచ్చే ముందు చదవడం వచ్చునా అని సూటిగా అడగకండి, "ఇందులో ఒక కథ ఉంది, చదివి వినిపించనా" అనండి. తప్పిపోయిన కుమారుని కథ, బేతెస్ద కోనేటి దగ్గర ముప్పైఎనిమిదేళ్లు పడి ఉన్న మనిషి కథ ఫుట్‌పాత్ మీద ఉన్నవారికి వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతాయి. ఇతరుల దేవుళ్లను, ఆచారాలను ఒక్క మాట కూడా అనకండి.

చట్టం విషయం కూడా స్పష్టంగా తెలిసి ఉండాలి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను ఇస్తూనే, దానిని ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంచింది. ప్రచారం చేసే హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. కొన్ని రాష్ట్రాల్లో మత మార్పిడిపై ప్రత్యేక చట్టాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో తిరుమల వంటి పుణ్యక్షేత్రాల్లో అన్యమత ప్రచారంపై 2007 నుంచి నిషేధం ఉంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగ ప్రదేశంలో మైకు వాడకూడదు, మిగిలిన సమయంలో కూడా అనుమతి కావాలి. అసలు మైకు లేకుండా పనిచేయడమే మంచిది; మైకు ముందు నిలబడినవాడికి ఎదుటివారి మాట వినిపించదు.

ఒకరు విశ్వసించి బాప్తిస్మం అడిగితే, షెడ్యూల్డు కులాల వారి విషయంలో దాచకుండా చెప్పవలసిన మాట ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా వర్తిస్తుంది; క్రైస్తవులైన దళితులను మన తెలుగు రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి గ్రూపు కింద లెక్కిస్తారు. ఈ వివక్ష అన్యాయమని నేను నమ్ముతున్నాను. అయినా, పిల్లల చదువు మీద, ఉద్యోగం మీద పడే ఆ భారాన్ని మోయవలసింది వారు కనుక, ముందే తెలుసుకుని నిర్ణయించుకునే గౌరవం వారికి ఇవ్వాలి.

మత్తు, జబ్బు, దయ్యం

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది, ప్రాణాల మీదికి వచ్చేది ఇక్కడే. తాగుడు మానిపించాలన్న ఆత్రుతతో చాలా బృందాలు, "ఈ రోజు నుంచి ముట్టనని ప్రభువుకు మాట ఇవ్వు" అని చేతిలో చేయి వేయించుకుంటాయి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే, ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, మూర్ఛలు రావడం, రెండు నుంచి నాలుగు రోజుల్లో లేనివి కనిపించడం, వినిపించడం, మనుషులను గుర్తుపట్టకపోవడం జరగవచ్చు. వైద్యం అందకపోతే చనిపోవచ్చు కూడా. హైదరాబాద్ ప్రాంతంలో దీనికి మరో చిక్కు ఉంది: కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రాజోలం వంటి మత్తు మందులు కలుపుతారు. ఆ కల్లుకు అలవాటు పడినవారు రెండు రోజులు తాగకపోతే పిచ్చిగా ప్రవర్తించడం, మూర్ఛపోవడం ఇక్కడి వైద్యులకు బాగా తెలిసిన విషయం. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి అలాంటి కేసులు వస్తూనే ఉంటాయి.

అటువంటి స్థితిలో ఉన్న మనిషిని చూసి దయ్యం పట్టిందని నిర్ణయించి, కూర్చోబెట్టి గంటల తరబడి ప్రార్థించడం, ఉపవాసం చేయించడం నేను చూశాను. దయచేసి అలా చేయకండి. ప్రార్థిస్తూనే 108కి ఫోన్ చేయండి, ఆసుపత్రికి తోడుగా వెళ్లండి, ఎప్పటి నుంచి తాగలేదో డాక్టరుకు చెప్పండి. మానాలనుకునేవారిని వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి. మత్తు అలవాట్ల విషయంలో సలహాకు 14446, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416 నంబర్లు ఉన్నాయి. ఇవి మీ నోటు పుస్తకం మొదటి పేజీలో ఉండాలి. మళ్లీ తాగితే, మళ్లీ పక్కన కూర్చోండి. మానిన ప్రతిసారీ సాక్ష్యం చెప్పడానికి వేదిక ఎక్కించడం, తిరిగి తాగగానే తప్పించుకు తిరగడం ఆ మనిషిని మరింత కుంగదీస్తుంది.

రెండు వారాలకు మించి దగ్గుతున్నవారిని బస్తీ దవాఖానాకు తీసుకెళ్లి క్షయ పరీక్ష చేయించండి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. సాధారణ క్షయకు కనీసం ఆరు నెలలు వాడాలి. చికిత్స కాలంలో పోషకాహారానికి నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. రెండు నెలలకే దగ్గు తగ్గి, "ప్రభువు స్వస్థపరిచాడు, ఇక మందులెందుకు" అనేవారు ఉంటారు. స్వస్థత ఇచ్చిన ప్రభువే మందు కూడా ఇచ్చాడని చెప్పి, వారం వారం మాత్రల పట్టీ చూసి రండి. ఒకే రోజు, ఒకే సమయానికి వెళ్లే అలవాటు ఇక్కడ ప్రాణాన్ని కాపాడుతుంది.

స్టేషన్ దగ్గర ఒంటరిగా తిరిగే పిల్లలు, మత్తు కోసం వైట్‌నర్ గాని పంక్చర్ సొల్యూషన్ గాని గుడ్డలో పోసుకుని పీల్చే పిల్లలు కనిపిస్తే, మీ ఇంటికి గాని, తెలిసిన హాస్టలుకు గాని తీసుకెళ్లకండి. ఎంత మంచి ఉద్దేశమైనా అది తప్పే. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, తప్పిపోయినట్లు, దిక్కులేనట్లు కనిపించిన బిడ్డ గురించి 24 గంటల్లోగా అధికారులకు తెలియజేయాలి.

కూడిక ఎలా ఏర్పడుతుంది

ఆరేడు నెలలు గడిచేసరికి ఎవరో ఒకరు, "మా ఇంటి ముందు కూర్చుందాం రండి" అంటారు. ఆ మాట వచ్చేదాకా మీరు గది అద్దెకు తీసుకోకండి, బోర్డు పెట్టకండి. కూడిక సమయం బస్తీ వారి పనిని బట్టి ఉండాలి: ఇళ్లలో పనిచేసే స్త్రీలు, మేస్త్రీ పనికి వెళ్లే పురుషులు తిరిగి వచ్చి స్నానం చేసి తీరిక చేసుకునేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. కొరింథు సంఘంలో ముందు వచ్చినవారు తిని తాగేస్తే, వెనక వచ్చినవారు ఆకలితో మిగిలిపోయారని పౌలు గద్దించాడు. ఆ వెనక వచ్చినవారు ఎవరో బస్తీలో కూర్చుంటే సులభంగా ఊహించవచ్చు.

చాప మీద గుండ్రంగా కూర్చోండి. అందరికీ వచ్చిన పాట పాడండి, కంజీర ఉంటే చాలు. ఒక చిన్న భాగం చదివి, ఏమి అర్థమైందో ఒక్కొక్కరినీ చెప్పమనండి. నెమ్మదిగా పనులు వారికి అప్పగించండి: చాయ్ కాచేది ఒకరు, రాని వారిని చూసి వచ్చేది ఒకరు, నెలకు పది రూపాయలు కూడబెట్టి జబ్బుపడిన వారికి ఇచ్చేది ఒకరు. ఏడాది ముగిసేసరికి ప్రార్థన నడిపించేది బయటి నుంచి వచ్చిన మీరే అయితే, ఎక్కడో దారి తప్పారని గుర్తించండి. నాకు జ్వరం వచ్చి రెండు వారాలు వెళ్లలేకపోయినప్పుడు, ఇళ్లలో పాచిపని చేసుకునే ఒక పెద్దమ్మ అడ్రసు వెతుక్కుంటూ మిరియాల చారు తీసుకుని నా గదికి వచ్చింది. ఆ రోజు వరకు ఆమెకు సహాయం చేస్తున్నానని నేను అనుకునేవాడిని.

వీరిలో కొందరు ఆదివారం మీ సంఘానికి వస్తామంటారు. దానికి ముందు సంఘ పెద్దలతో మాట్లాడండి. ఏ వరుసలో కూర్చుంటారు, సంస్కారం బల్ల దగ్గర వారి పక్కన ఎవరు నిలబడతారు, భోజనాల దగ్గర ఎవరు వడ్డిస్తారు అన్న చోట మన సంఘాల్లోని కులం బయటపడుతుంది. మీ బృందంలోని వారే మొదటి నెలంతా వారి పక్కన కూర్చోవాలి. పెద్దలు ఒప్పుకోకపోతే, ఆ వ్యక్తిని అవమానానికి గురిచేయడం కంటే బస్తీ కూడికలోనే కొనసాగడం మేలు, అయితే పెద్దలతో ఆ సంభాషణను ఆపకండి.

మొదటి మరణానికి ముందే

ఫుట్‌పాత్ మీద పనిచేసే ప్రతి బృందమూ ఒకటి రెండేళ్లలో ఒక మరణాన్ని చూస్తుంది. ఆ రోజు హడావుడిలో నేర్చుకోవడం కష్టం కనుక ఇప్పుడే తెలుసుకోండి. వీధిలో చనిపోయినవారిని మీరు కదిలించకూడదు, ముందుగా పోలీసులకు తెలియజేయాలి. శవం మార్చురీకి వెళుతుంది. బంధువుల కోసం వెతుకుతారు. ఎవరూ రాకపోతే అనాథ శవంగా పరిగణిస్తారు. క్రైస్తవ సమాధుల తోటల్లో చాలావాటికి సంఘం నుంచి ఉత్తరం కావాలి, రుసుము కట్టాలి. మీ పాస్టర్ గారితో, సమాధుల తోట కమిటీతో ముందే మాట్లాడి ఉంచండి. చనిపోయిన మనిషి క్రైస్తవుడు కాకపోతే, వారి ఆచారం ప్రకారమే జరిగేలా సహాయపడండి.

అందుకే మీ నోటు పుస్తకంలో, ప్రతి ఒక్కరి అనుమతితో, మూడు వివరాలు రాసి ఉంచండి: పూర్తి పేరు, సొంత ఊరు, కబురు చేయవలసిన ఒక్కరి ఫోన్ నంబరు. మొదటిసారి అడిగితే చాలామంది చెప్పరు, ఊళ్లో ఎవరూ లేరంటారు. ఏ పండుగ రాత్రో, చాయ్ తాగుతూ ఉండగా, "రాసుకో అన్నా, మా చెల్లెలి నంబరు" అని వారే చెబుతారు. ఆ పుస్తకాన్ని ప్రతి వారమూ మీతో తీసుకెళ్లండి, ఇంటికి వచ్చాక తాళం వేసిన చోట పెట్టండి.